నలభై సెకన్లు

రిచీ స్ట్రీట్‌లో మధ్యాహ్నం రెండున్నర.
టంకం పొగా సాంబారు వాసనా ఒకే ఫ్యాను కింద తిరుగుతున్నాయి.
మెట్ల కింద ఇరుక్కున్న కొట్లో
ఇదయతుల్లా రెండు డబ్బాలు నా ముందుకు తోశాడు,
పెళ్ళిళ్ళ పేరయ్య ఫోటోలు తోసినట్టు.
"వైరు లేనివి చూపించనా అమ్మా?"
వద్దన్నాను.
ఛార్జింగు పెట్టాల్సినవి ఇంట్లో ఇప్పటికే చాలా ఉన్నాయి,
నాతో కలిపి.

నల్లవి పద్నాలుగు వందల యాభై.
పెట్టుకోగానే రబ్బరు మెత్తగా సర్దుకుంది,
ఈ ఊరికి ఎప్పుడూ రాని చలికాలంలో
దుప్పటి అంచు మెడకింద సర్దుకున్నట్టు.
వెండిరంగువి రెండు వేల నూరు.
లోహం చల్లగా తగిలింది,
డాక్టరమ్మ వేలిలా.

అందరూ పాట పెట్టి చూస్తారు.
నేను పెట్టింది వేరే.
వడపళనిలో మా డబ్బింగు గదిలో
మాటలన్నీ అయిపోయాక
"ఎవరూ కదలొద్దు" అని పళనివేలు చెయ్యెత్తి
పట్టుకున్న నలభై సెకన్ల ఖాళీ.
మాటకీ మాటకీ మధ్య అతుకెయ్యడానికి అది కావాలి.
తమిళ పెదాల మీద తెలుగు అంటించడం నా పని, పదకొండేళ్ళుగా.
పెదవులు మూసుకున్న చోట
ఒక 'మ' గానీ 'ప' గానీ దొరక్కపోతే
ఆ పూట నాకు అన్నం సహించదు.

నల్లవాటిలో ఖాళీ ఖాళీగానే ఉంది.
వెన్న రాసినట్టు. గోడల్లేవు.
ఇంకో నలభై సెకన్లు అందులోనే ఉండిపోదామనిపించింది.
"బేసు ఎలా ఉంది?" అన్నాడు.
ఏమీ లేనిదానికి బేసేమిటి?
ఉంది, నిజానికి.

వెండివాటిలో ఏసీ కీచుమంది.
ఏదో కుర్చీకి ఒక కాలు పొట్టిదని తెలిసింది.
పళనివేలు జేబులో తాళాలు.
ఎవరో గుటక మింగారు,
తల్లి పాత్రలకి గొంతిచ్చే అనసూయమ్మ కాబోలు,
ఆ రోజు ఆవిడకి జలుబు.
ముప్పై ఒకటో సెకను దగ్గర
మైకుకి చాలా దూరంగా
ఒక ఆడగొంతు
"ఇంకా ఎంతసేపు" అంది.

వెనక్కి జరిపి విన్నాను.
మళ్ళీ విన్నాను.
నేనే.

రెండేళ్ళుగా ఈ ముక్కని
ఎన్ని సినిమాల్లో, ఎన్ని అతుకుల కింద పరిచానో!
పెళ్ళిపీటల దగ్గరా, ఆసుపత్రి వరండాల్లోనూ
వాళ్ళు మాటలాపి ఒకరినొకరు చూసుకున్నప్పుడల్లా
వాళ్ళ మధ్య కూర్చుని
ఇంకా ఎంతసేపు అంటూనే ఉన్నానన్నమాట.
ఏ హాల్లోనూ ఒక్కరూ తల తిప్పలేదు.

నల్లవి మళ్ళీ పెట్టుకున్నాను.
ఆమె లేదు.
దుప్పటి ఎవరో ముఖం దాకా లాగేశారు.

నా వెనక ఎవరో కుర్రాడు కేబులు కోసం నిలబడి నిట్టూర్చాడు.
బేరమాడాను. ఎందుకో చాలా గట్టిగా ఆడాను.
ఇదయతుల్లా తన కుడిచెవి చూపించాడు:
"ఇది సగమే వినిపిస్తుంది. మీరు ఏది కొన్నా నాకొకటే."
నూట యాభై తగ్గించాడు.
వెండివి తీసుకున్నాను.
వైరుని రెండు వేళ్ళకి ఎనిమిదంకెలా చుట్టి ఇస్తూ
"చిక్కుపడితే లాగకండి" అన్నాడు,
"ముడి ఎక్కడుందో చూడండి."

చింతాద్రిపేటలో రైలెక్కాను.
రెండూ చెవుల్లో పెట్టుకున్నాను గానీ
జాకు ఫోనుకి గుచ్చలేదు.
అది సంచిలో
కొత్తిమీర కట్టకీ గొడుగుకీ మధ్య ఎక్కడో పడి ఉంది.
పాట వింటున్నాననుకుని
ఎదుటి సీట్లో పిల్ల నా ముఖంలో తాళం వెతుకుతోంది.
తిరువల్లిక్కేణి నుంచి మందవెల్లి దాకా
నా ఊపిరి విన్నాను.
అది ఎవరి పెదాలకీ సరిపోనక్కర్లేదు.